విప్పిన ఇంజన్ చెప్పే సాక్ష్యం

కారు ఇంజన్ పూర్తిగా చెడిపోయినప్పుడు ఖర్చు ఎంతవుతుందన్నది అందరికీ తోచే ప్రశ్న; కానీ ఆ ఖర్చు ఎవరు భరించాలో తేలాలంటే అంతకుముందే జవాబు దొరకవలసిన ప్రశ్న మరొకటి ఉంది. అసలు ఇంజన్ ఎందుకు చెడిపోయింది? తయారీదారు ఇచ్చే వారంటీ కారుకు ఏం జరిగినా బాగుచేసి ఇస్తామన్న మాట కాదు. వాడిన లోహంలోగాని, దాన్ని మలచి అమర్చిన పనిలోగాని లోపం ఉంటే, నిర్ణీత కాలం లేదా నిర్ణీత కిలోమీటర్లు పూర్తయ్యేలోగా, ఆ భాగాన్ని ఉచితంగా బాగుచేసి గాని మార్చి గాని ఇస్తామన్న పరిమితమైన హామీ. ప్రమాదాలూ వరదలూ బీమా పరిధిలోకి పోతాయి, సర్వీసింగ్‌లో అశ్రద్ధ యజమాని నెత్తిన పడుతుంది. లక్షల్లోకి పోగల బిల్లు ఈ ముగ్గురిలో ఎవరి చేతికి వెళ్లాలో నిర్ణయించేది కారణం ఒక్కటే. ఆ కారణం తాలూకు ఆనవాళ్లన్నీ ఇంజన్ లోపలే ఉంటాయి; ఆ ఇంజనేమో, లోపం బయటపడితే డబ్బు పోగొట్టుకోవలసిన పక్షం షెడ్డులో ఉంటుంది. వారంటీ తగాదాల్లోని చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇంజన్‌లో జరిగేది కొంతైనా తెలిస్తే తప్ప ఈ చిక్కు లోతు అర్థం కాదు. సిలిండర్లలో ఇంధనం మండి పిస్టన్లను నెట్టినప్పుడు, పైకీ కిందికీ సాగే ఆ కదలికను కనెక్టింగ్ రాడ్లు అందుకొని క్రాంక్ షాఫ్ట్ అనే వంకీల ఇరుసును తిప్పుతాయి. రాడ్డు ఇరుసును పట్టుకునే చోట అర్ధవలయాకారపు లోహపు రేకులు రెండు ఉంటాయి, బేరింగులంటే అవే. హైవే మీద నిమిషానికి 2,000 నుంచి 3,000 చుట్లు తిరిగే ఇరుసు సరిగా నడిచే ఇంజన్‌లో ఆ రేకులను తాకనే తాకదు. పంపు నెట్టుకొచ్చే ఆయిల్, మైక్రాన్లలో కొలవవలసినంత పలుచని పొరగా మధ్యలో నిలిచి, ఇరుసును తేల్చి ఉంచుతుంది. ఆ పొర తెగితే లోహాన్ని లోహం రాస్తుంది. వేడెక్కిన రేకు ఇరుసును కరచుకొని, దానితోపాటే తిరిగి, తనకు ఆయిల్ అందించే రంధ్రాన్ని తానే మూసేస్తుంది. అప్పుడు మొదలైన టకటక శబ్దాన్ని పట్టించుకోకుండా ఇంకా నడిపితే ఇంజన్ పట్టేస్తుంది, లేదా రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకొని బయటికి వస్తుంది.

పొర తెగడానికి కారణాలు అనేకం, బయటికి కనిపించే ఫలితం మాత్రం ఒకటే. ఆయిల్ మార్చకుండా ఏళ్ల తరబడి నడిపితే అది నల్లని మడ్డిగా గట్టిపడి పంపు నోటి దగ్గరి జాలీని మూసేస్తుంది. ఫ్యాక్టరీలో ఇరుసును కోసి నునుపు చేసినప్పుడు రాలిన లోహపు రజను ఆయిల్ దారుల్లో ఉండిపోతే, వేళ తప్పకుండా సర్వీసింగ్ చేయించిన ఇంజన్ సైతం అదే టకటకతో ఆగిపోతుంది. తేడా విప్పిన తర్వాతే తెలుస్తుంది. మడ్డి పట్టిన ఇంజన్‌లో పైమూత నుంచి అడుగున ఆయిల్ నిలిచే సంపు వరకు నలుపు పేరుకొని, బేరింగులు చాలావరకు కలిసికట్టుగా అరిగి ఉంటాయి. లోపలంతా శుభ్రంగా ఉండి, ఒక్క బేరింగు మాత్రం మాడి, దాని మీద లోతైన గీతలు కనిపిస్తే అనుమానం తయారీ వైపు మళ్లుతుంది. నీరు మింగిన ఇంజన్‌లో, ద్రవం అణగదు గనుక, పైకి వచ్చే పిస్టన్ వెనకనున్న రాడ్డే వంగిపోతుంది, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో తడి మరకలూ బురదా మిగులుతాయి. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను తీర్పు కాదు. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల సంకేతాలు, సంపు నుంచి తీసిన ఆయిల్ నమూనా, సర్వీసింగ్ రసీదుల మీది తేదీలు, విప్పిన భాగాల తీరు, ఇవన్నీ ఒకచోట పెట్టి చదవగలిగినవారికే కారణం దొరుకుతుంది.

అలా చదివేవారు ఎవరన్నది అసలు సంగతి. షోరూమ్ అంటే కంపెనీ కాదు. కంపెనీ దగ్గర కార్లు కొని అమ్మే వేరే వ్యాపార సంస్థ. వారంటీ కింద చేసిన పనికి షోరూమ్ కంపెనీకి బిల్లు పెట్టుకోవాలి, కంపెనీ ఒప్పుకోకపోతే ఆ డబ్బు రాదు; అందువల్ల ఇంజన్ వంటి పెద్ద భాగం విషయంలో సర్వీస్ మేనేజర్ తనంతట తాను సరేనని చెప్పలేక, ఫోటోలు పంపి అనుమతి కోసం ఎదురుచూస్తాడు. ఈలోగా, విప్పి చూశాక వారంటీ వర్తించదని తేలితే విప్పినందుకు కూలీ తానే కట్టుకుంటానన్న కాగితం మీద యజమాని సంతకం అడుగుతారు. వర్తిస్తుందని తేలితే, మార్చిన పాత భాగం కంపెనీకే చెందుతుందన్న షరతు వారంటీ పుస్తకాల్లో సాధారణంగా కనిపిస్తుంది. ఇటు కాదన్నా అటు ఔనన్నా, జాగ్రత్త పడని యజమాని చేతిలో సాక్ష్యమేమీ మిగలదు. సర్వీస్ సెంటర్లలో పనిచేసేవారు మోసగాళ్లని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఇంజన్ శబ్దం వినగానే జబ్బు చెప్పగల నిజాయితీపరులైన మెకానిక్కులు వాటిలో ఎందరో ఉన్నారు. తప్పు మనుషుల్లో కాక, తీర్పు వల్ల నష్టపోయే పక్షమే తీర్పరిగా కూర్చునే ఏర్పాటులో ఉంది.

ఈ ఏర్పాటు ఎంతదూరం పోగలదో అమెరికాలో హ్యుందాయ్, కియా కార్లలోని థీటా 2 ఇంజన్ల చరిత్ర చూపుతుంది. 2015 సెప్టెంబరులో హ్యుందాయ్ అక్కడ 2011, 2012 మోడళ్ల సొనాటా కార్లను సుమారు 4,70,000 రీకాల్ చేసింది. రీకాల్ అంటే భద్రతకు సంబంధించిన లోపాన్ని తయారీదారు తన ఖర్చుతో సరిచేయడానికి అమ్మిన బండ్లను వెనక్కి పిలవడం. క్రాంక్ షాఫ్ట్ తయారీలో మిగిలిన లోహపు రజను బేరింగులకు ఆయిల్ అందకుండా అడ్డుపడవచ్చునన్నది చెప్పిన కారణం. 2017లో రెండు కంపెనీలూ కలిపి మరో 12 లక్షల కార్లను పిలిచాయి. ఈ రెండు రీకాళ్ల నడుమ దక్షిణ కొరియాలోని హ్యుందాయ్ ఇంజనీరు ఒకరు కంపెనీ లోపలి సమాచారాన్ని అమెరికా రహదారి భద్రతా సంస్థకు అందించారు; రీకాల్ ఆలస్యమైందన్న అభియోగం మీద 2020 నవంబరులో రెండు కంపెనీలూ కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నాయి, 2021లో ఆ ఇంజనీరుకు 2.4 కోట్ల డాలర్లకు పైగా పారితోషికం లభించింది. అంతకుముందు విడివిడిగా వెళ్లిన యజమానులకు, ఆయిల్ మార్చిన రసీదులు లేవంటూ వారంటీ నిరాకరించారన్నది కోర్టు దావాల్లో వినిపించిన ఫిర్యాదు. ఒక్కొక్క కారుగా చూసినప్పుడు యజమాని అశ్రద్ధగా కనిపించగలిగినది, వేల కార్లను పక్కపక్కన పెట్టి చూసేసరికి ఫ్యాక్టరీ లోపంగా తేలింది. అలా పక్కపక్కన పెట్టి చూడగల సమాచారం తయారీదారు దగ్గరే ఉంటుంది; ఒంటరి యజమానికి తన కారు ఒక్కటే తెలుసు.

భారతదేశంలో రీకాల్‌ను ఆదేశించే అధికారం 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో కేంద్రానికి వచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి. అయితే పదేపదే బాగుచేసినా బాగుపడని కొత్త కారును కంపెనీ వెనక్కి తీసుకొని తీరాలనే ప్రత్యేక చట్టం, 1982లో కనెక్టికట్‌తో మొదలై అమెరికా రాష్ట్రాలన్నిటా ఉన్నటువంటిది, ఇక్కడ లేదు. వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేగాని కారునే మార్చివ్వడం కాదని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. కనుక యజమానికి ఉన్న గట్టి ఆసరా 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించని వస్తువుల మీద ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, వివాదం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. టాక్సీ నడిపేవారికి ఈ తలుపు మూసుకుపోయిందని అనుకోవడం సరికాదు; సొంత శ్రమతో పొట్టపోసుకోవడానికే కొన్న బండి అయితే చట్టం దృష్టిలో అతడూ వినియోగదారుడే. ఈ చట్టంలోని 38వ సెక్షన్ అన్నిటికంటే విలువైనది: పరీక్ష చేస్తేగాని తెలియని లోపమైతే, కమిషన్ నమూనాకు సీలు వేయించి తగిన ల్యాబొరేటరీకి పంపి నివేదిక తెప్పించాలి. తీర్పరిని మార్చే అవకాశమంటే ఇదే. కానీ పరీక్షించడానికి ఇంజన్ మిగిలి ఉండాలి; పాతది కంపెనీకి తిరిగి వెళ్లాక, లేదా భాగాలు తుక్కులో కలిశాక, ల్యాబ్‌కు పంపడానికి ఏమీ ఉండదు.

అందుకే మొదటి గంట, మొదటి సంతకం ఇంత ముఖ్యమవుతున్నాయి. ఆయిల్ దీపం ఎర్రగా వెలిగినా, లోపల కొట్టుకునే శబ్దం వచ్చినా ఇంజన్ ఆపి బండిని లాగించుకుపోవాలి. దగ్గరేకదా అని షోరూమ్ దాకా నడిపితే చిన్న నష్టం పెద్దదవడమే కాక, హెచ్చరిక వచ్చాక కూడా నడిపారన్న వాదనకు చోటిచ్చినట్టవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పటిలా కారు నీటిలో నిలిచిపోతే, తాళం తిప్పి స్టార్ట్ చేసి చూడడమంత హాని మరొకటి లేదు. అది వారంటీలోకి రాదు సరే, ఇంజన్ రక్షణ కోసం అదనపు ప్రీమియం కట్టని పాలసీలో బీమా కంపెనీ కూడా ఆ నష్టాన్ని కాదనవచ్చు. జాబ్ కార్డులో ఆయిల్ మట్టం, కిలోమీటర్లు, శబ్దం ఎప్పుడు మొదలైందో రాయించుకోవాలి. ఇంజన్ విప్పేటప్పుడు యజమాని గాని, అతని తరఫున తెలిసిన మెకానిక్ గాని ఎదురుగా ఉంటామని ముందే రాతపూర్వకంగా కోరాలి, ప్రతి భాగానికీ ఫోటో తీసుకోవాలి, వారంటీ నిరాకరిస్తే ఏ భాగంలో ఏం చూసి నిరాకరించారో కాగితం మీద అడగాలి. నోటిమాటతో కాదనడం సులువు. కారణం రాసి సంతకం చేయవలసి వచ్చినప్పుడు కంపెనీ కూడా మరోసారి ఆలోచిస్తుంది. అప్పటికీ తేలకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

బయటి గ్యారేజీలో ఒకసారి ఆయిల్ మార్పించిన కారణంగా వారంటీ మొత్తం పోయిందనే మాట తరచు వినిపిస్తుంది. 14 కార్ల కంపెనీలపై 2014 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వులో, వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్, స్వతంత్ర మెకానిక్ చేయి పడిందన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దు చేసే షరతు పెట్టరాదని చెప్పింది. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి గనుక దాన్ని తిరుగులేని కవచంగా భావించకూడదు. అయినా అందులోని తర్కం న్యాయమైనది, ఎందుకంటే బయట మార్చిన ఆయిల్ ఫిల్టరుకూ విరిగిన రాడ్డుకూ సంబంధం ఉందని చూపవలసిన బరువు ఆ మాట అనేవారి మీదే ఉండాలి. తగిన గ్రేడు ఆయిలే వాడారని చూపే రసీదు మాత్రం యజమాని దాచుకోవాలి.

అనుమతి వచ్చి కొత్త ఇంజన్ బిగించాక కూడా పని పూర్తికాదు. బ్లాకు మారితే ఇంజన్ నంబరు మారుతుంది. దాన్ని రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీ మీద మార్పించుకోకపోతే బండి అమ్మేటప్పుడూ, బీమా క్లెయిము వేళా నంబర్లు కలవక చిక్కు వస్తుంది. పైగా మార్చిన భాగానికి కొత్తగా వారంటీ మొదలుకాదు, పాత వారంటీలో మిగిలిన కాలమే వర్తిస్తుందని చాలా కంపెనీల షరతు. కాబట్టి కట్టవలసింది సున్నా రూపాయలే అయినా ఇన్‌వాయిస్ తీసుకొని, పాత నంబరు, కొత్త నంబరు, మార్చిన భాగాల పేర్లు, పాత ఇంజన్ ఏ కారణంగా పోయిందన్న ఒక వాక్యం అందులో ఉండేలా చూసుకున్న తర్వాతే తాళాలు అందుకోవాలి.