ఇంటి మేడ మీద తొలి పుట్టినరోజు

బిడ్డ తొలి పుట్టినరోజుకు ఎంత ఖర్చవుతుందో తేల్చేది పిలుపుల జాబితా. హాలు, భోజనాలు, కుర్చీలు అన్నీ ఆ సంఖ్య వెంటే నడుస్తాయి. కాబట్టి బేరాలకన్నా ముందు పేర్లు రాసుకోవాలి. తాతమ్మలు, మేనమామలు, ఇరుగుపొరుగు తప్పనిసరి. మిగతావాళ్ల దగ్గరే ఆలోచన అవసరం.

డబ్బు ఎక్కువగా మిగిలేది, పోయేది భోజనాల దగ్గరే. క్యాటరింగ్‌వాళ్లు ప్లేటు లెక్కన తీసుకుంటారు. రకాలు పెరిగేకొద్దీ ప్లేటు ధర పెరుగుతుంది. సరుకులు ఇంటివాళ్లే కొని వంటమనిషికి కూలి ఇచ్చే పాత పద్ధతి చిన్న విందుకు ఇప్పటికీ చవకే. పప్పు, కూర, సాంబారుతో పెట్టే భోజనానికి కిలో బియ్యం 8 నుంచి 10 మందికి సరిపోతుంది. పులిహోర ఉంటే తెల్లన్నం ఇంకా తగ్గించవచ్చు. పులిహోర, గారెలు, పరమాన్నం, ముద్దపప్పు, ఒక వేపుడు, గడ్డపెరుగు ఉంటే అది నిండు విస్తరే. పెద్ద బఫేల్లో ఎంతో అన్నం ఎంగిలి ప్లేట్లలోనే పారబోతకు పోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

వానాకాలం కాకపోతే మేడ మీదే జరుపుకోవచ్చు. షామియానా, కుర్చీలు, వంటగిన్నెలు టెంట్‌హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో పూల ధరలు మండిపోతాయి. అందుకే మామిడాకుల తోరణాలకు తోడు నాలుగు బంతిమాలలు చాలు.

చదివింపులను మాత్రం ఈ లెక్కలోకి తీసుకోకూడదు. పుస్తకంలో రాసుకున్న ప్రతి మొత్తం రేపు ఆ ఇంటి శుభకార్యానికి తిరిగి పెట్టాల్సిందే. వాటిని నమ్ముకుని వడ్డీకి అప్పు తెస్తే ఆ భారం బిడ్డ రెండో పుట్టినరోజు దాకా సాగుతుంది.