వదిన అడిగినట్టయింది

మా పొదుపు సంఘానికి నేను లీడర్‌గా ఉన్నప్పుడు నా ఆడపడుచు కూడా అందులో సభ్యురాలు. బ్యాంకు లింకేజీ అప్పులో తన వాటాతో గేదెను కొంది. అది వట్టిపోయాక వాయిదాలు ఆగాయి. "వదినా, ఈ ఒక్క నెల సర్దు, అన్నయ్యకు మాత్రం చెప్పకు" అంది. సంఘం పొదుపు సొమ్ములోంచి ఆమె వాయిదా కట్టేశాను. సమావేశంలో పెట్టలేదు, తీర్మానం రాయించలేదు. పుస్తకంలో మాత్రం ఆమే కట్టినట్టు రాయించాను. ఆ ఒక్క నెలా పోను పోను ప్రతి నెలా అయింది.

అంతటితో ఆగినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ రోజుల్లోనే బిడ్డ జ్వరంతో ఆస్పత్రిలో ఉండి వాయిదా ఆలస్యంగా తెచ్చిన ఒకావిడ చేత జరిమానా కట్టించాను. "రూలు అందరికీ ఒకటే" అని అందరి ముందూ అన్నాను. ఆమె మారుమాట లేకుండా కొంగు ముడి విప్పి, నలిగిన నోట్లు సాపుచేసి చాప మీద పెట్టింది. తర్వాత లెక్కలు చూసినప్పుడు నా సంగతి బయటపడింది. "మరి మీ ఆడపడుచుకు ఏ రూలక్కా?" అని ఆవిడ ఒక్కటే అడిగింది.

1992లో నాబార్డు మొదలుపెట్టిన ఈ లింకేజీలో పొలం కాగితాలు తాకట్టు పెట్టక్కర్లేదు. సాటి సభ్యుల మాటే పూచీ. అప్పు సంఘం పేరు మీదే ఉంటుంది, ఒకరు ఆగితే అందరి మెడకూ చుట్టుకుంటుంది. గడువు తప్పితే సున్నా వడ్డీ రాయితీ అందరికీ పోతుంది. సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అంటూ పంచసూత్రాలు కొత్త సంఘాలకు నేర్పినదాన్ని నేనే.

బంధుత్వం కోసం రూలు పక్కన పెట్టాననుకున్నాను. ఆ బంధుత్వానికి అండగా ఉన్నది ఆ రూలే. సమావేశంలో అడిగితే సంఘం అడిగినట్టు. గేదె కష్టం నలుగురిలో చెప్పుకుంటే గడువు మాటా అక్కడే తేలేది. నేను ఇంటికెళ్లి అడిగేసరికి వదిన అడిగినట్టయింది. నేను ఎదురొస్తే ఆమె పక్క సందులోకి తిరిగిపోయేది. పండక్కి పుట్టింటికి రావడం మానేసింది. మా ఆయనకు కారణం చెప్పలేక నేను నలిగిపోయాను.

గాజులు కుదువపెట్టి సంఘం సొమ్ము జమచేశాను, లీడర్‌గా తప్పుకున్నాను. జరిమానా డబ్బు తిరిగి ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోమంది. తరువాతి సమావేశంలో లేచి నిలబడి తీసుకున్నాను. దాన్ని కూడా మినిట్స్ పుస్తకంలో రాయమని నేనే అడిగాను.