భీమిలిలో వలందుల సమాధులు

పిల్లలూ, మాది అమ్రాబాద్. నల్లమల అడవుల్లోని ఊరు. అక్కడినుంచి సముద్రం ఎంత దూరమో పటంలో చూసుకోండి. అంత దూరమూ ప్రయాణం చేసి, మొన్న చలికాలంలో నేనూ, సైన్సు మాస్టారుగా పనిచేసిన నా మిత్రుడూ భీమునిపట్నం వెళ్ళాం. సముద్రస్నానానికి కాదు, నాకొక పాత బాకీ ఉంది.

చాలా ఏళ్ళ కిందట ఒక పల్లె బడిలో చరిత్ర చెబుతున్నాను. మన దేశానికి వర్తకానికి పోర్చుగీసువారు, డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు వచ్చారని ఏకబిగిని చదివేశాను. వెనక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "సార్, ఆ డచ్చివాళ్ళు ఏమయ్యారు?" అన్నాడు.

"అది పరీక్షలో రాదు, కూర్చో," అన్నాను. నిజానికి నాకు తెలియదు. ఆ కుర్రవాడు మళ్ళీ నన్నేనాడూ ప్రశ్న అడగలేదు.

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఉంది భీమిలి. అక్కడ డచ్చివారి పాత శ్మశానం ఉంది. కోసుగా పైకి లేచిన సమాధులు, వాటి మీద చెక్కిన అక్షరాలు. కొన్నిటిని ఉప్పుగాలి తినేసింది. నా మిత్రుడు కళ్ళజోడు తుడుచుకుని, "సారూ, లిపి ఇంగ్లీషుదే, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!" అన్నాడు.

డచ్చివారిని మన పూర్వులు వలందులు అనేవారు. వారి వర్తక కంపెనీ 1602లో పుట్టింది. కొద్ది ఏళ్ళకే మచిలీపట్నం చేరింది. వారికి కావలసినవి మిరియాలు, లవంగాలు, జాజికాయలు. అవి దొరికేది ఇండోనేషియా వైపు దీవుల్లో. ఆ దీవులవారికి మన అద్దకపు బట్టలంటే ప్రాణం. అందుకని ఇక్కడ బట్టలు కొని, అక్కడ దినుసులకు మార్చుకుని, వాటిని యూరపులో అమ్మేవారు. మన నేతగాడి మగ్గం చప్పుడు ఎంత దూరం వెళ్ళిందో చూడండి!

"పిల్లలకు ఇంతవరకు చాలు," అన్నాడు మిత్రుడు.

చాలదన్నాను. కరవుకాలాల్లో ఆకలికి అమ్ముడుపోయిన మనుషులను కూడా వారు పులికాట్ రేవులో ఓడలెక్కించారు. బటావియాకు, అంటే నేటి జకార్తాకు, బానిసలుగా పంపారు. వాళ్ళకు ఇలాంటి రాళ్ళెవరూ నిలపలేదు. మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇక ఏమయ్యారంటే, 1824లో ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకుని, మన దేశంలోని తమ స్థావరాలన్నీ వారికి వదిలేశారు. మరుసటి సంవత్సరం భీమిలి కూడా చేతులు మారింది.

ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. మీ నాన్న మా వైపు చదువుకున్నవాడైతే, వెనక బల్ల మీద కూర్చునేవాడా అని అడగండి. ఔనంటే, ఈ పేజీ చూపించండి.