ఏ పని కోసం ఏ పని ఆగింది?

ఇల్లు కట్టడానికి ఏమేం పనులుంటాయంటే ఎవరైనా గడగడా చెప్పేస్తారు: పునాది, గోడలు, స్లాబు, ప్లాస్టరింగు, రంగులు. ఒక్కోదాని పక్కన ఒక్కో తేదీ వేస్తే ప్లాను సిద్ధమైందనుకుంటాం. ప్రాజెక్టు ప్లానింగు సాఫ్ట్‌వేర్ నేర్చుకునేటప్పుడు నాకు నచ్చింది, అది తేదీ కంటే ముందు అడిగే ప్రశ్న: ఈ పని మొదలవ్వాలంటే ముందు ఏది పూర్తవ్వాలి?

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ తెరిస్తే ఎడమ పక్క పనుల పట్టిక, కుడి పక్క అడ్డపట్టీలు కనిపిస్తాయి. ఈ పట్టీల పటం గాంట్ చార్ట్. దీనికి ప్రచారం తెచ్చిన అమెరికన్ ఇంజినీరు హెన్రీ గాంట్ పేరే దీనికి స్థిరపడింది. పట్టికలో ‘ప్రెడిసెసర్స్’ అనే గడిలో ముందు జరగాల్సిన పని వరుస సంఖ్య వేస్తాం. స్లాబు కాంక్రీటు నాలుగో వరుసలో ఉంటే, సెంట్రింగు సపోర్టులు తీసే పని పక్కన 4 వేసి, మధ్యలో 7 రోజుల ఎడం ఇస్తాం. 4.5 మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబుకు సపోర్టులు కనీసం 7 రోజులుండాలని, అంతకు మించితే 14 రోజులని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 నిర్దేశిస్తుంది. ఈ ఎడాన్ని మామూలు పనిదినాల్లో ఇస్తే సాఫ్ట్‌వేర్ శని, ఆదివారాలను వదిలేసి లెక్కపెడుతుంది. సెలవు మనుషులకే గాని గట్టిపడే కాంక్రీటుకు ఉండదు. అందుకే దాన్ని ‘ఎలాప్స్‌డ్ డేస్’లో ఇవ్వాలి.

పనులన్నీ ఇలా ముడిపడ్డాక, ఆలస్యమైతే గృహప్రవేశాన్నే వెనక్కి నెట్టే వరుస ఏదో తేలుతుంది. అదే క్రిటికల్ పాత్. 1957 ప్రాంతంలో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి రూపొందించిన పద్ధతి ఇది. గేటుకు రంగు నాలుగు రోజులు ఆలస్యమైనా సర్దుకుంటుంది. స్లాబు ఆగితే ఇల్లే ఆగుతుంది.

నా మనసుకు బాగా పట్టింది మాత్రం మనుషుల లెక్క. స్లాబులో కరెంటు పైపులు వెయ్యడం చిన్న పనే. కాని ఇనుము కట్టాక, కాంక్రీటు పొయ్యకముందే వెయ్యాలి. ఆ పని చేసే ఎలక్ట్రీషియన్‌కే అదే రోజు మరో ఇంట్లో పూర్తి పని అప్పగించామా, రెండు వందల శాతం భారం పడి పక్కన ఎర్ర మనిషి బొమ్మ కనిపిస్తుంది. ‘లెవలింగ్’ నొక్కితే వెసులుబాటు ఉన్న పని వెనక్కి జరుగుతుంది. ఆ ఎరుపు చూసీ సర్దకపోతే, రేపు మిక్సరూ కూలీలూ ఖాళీగా నిలబడ్డప్పుడు రాలేదని అతన్ని తిట్టే హక్కు మనకుండదు. ఒక మనిషికి రోజుకు ఒక రోజు పనే ఇవ్వాలన్న న్యాయం ఏ ప్లానుకైనా పునాది.

నేర్చుకోవాలంటే ప్రాజెక్ట్‌లిబ్రే, గాంట్‌ప్రాజెక్ట్ ఉచితంగానే దొరుకుతాయి. పది పనులతో మొదలుపెట్టండి. ముందు ముడులు వెయ్యండి, తేదీలు అవే వస్తాయి. ఏ పనికి ఎన్ని రోజులో మేస్త్రీనీ ఎలక్ట్రీషియన్‌నీ అడిగి వెయ్యండి. చేసేవాళ్ల మాట విని వేసిన ప్లానే నిలబడుతుంది.