నిర్హేతుక చౌర్యం, నిర్హేతుక కృప

అస్తేయవ్రత ప్రసక్తి వచ్చినప్పుడెల్లా కరవుసీమవారికి మొదట స్మరణకు వచ్చేది విశ్వామిత్ర మహర్షి వృత్తాంతం. మహాభారత శాంతిపర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణంలో పన్నెండేండ్ల అనావృష్టి వర్ణితమైంది. క్షుధార్తుడైన మహర్షి రాత్రివేళ ఒక గుడిసెలో చొరబడి కుక్కమాంసం అపహరించబూనుతాడు. మేల్కొన్న గృహస్థు ఆయనకే ధర్మం బోధిస్తాడు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేయడం ఎరిగిన రాప్తాడు రైతుకు ఈ కథకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఆకలి చేయించిన దొంగతనాన్ని ఇక్కడ ఎవరూ మెచ్చరు, గట్టిగా నిందించనూ నిందించరు.

ఈ అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించిన కె.వి.రెడ్డి 1955లో తీసిన ‘దొంగరాముడు’ చిత్రానికీ ఆధారం ఆ కారుణ్యమే. తల్లి రోగగ్రస్త, బాలుడు ఆమె మందు కోసం దొంగిలించి శిక్షకు గురవుతాడు. హేతువు స్పష్టం. ప్రేక్షకహృదయం అతణ్ణి న్యాయస్థానం కంటె ముందే క్షమిస్తుంది.

నాలుగేండ్లకు, 1959లో, ఫ్రాన్సు దేశీయుడైన రాబర్ట్ బ్రెస్సన్ ‘పిక్‌పాకెట్’ అనే నలుపు తెలుపు చిత్రం రూపొందించాడు. పారిస్ నగరంలో ఇరుకు గదిలో నివసించే మిషెల్ అనే యువకుడు జేబుదొంగ. ఇతనికీ రోగిష్ఠి తల్లి ఉంది. కాని ఇతడు ఆమె కోసం దొంగిలించలేదు, ఆమె సొమ్మునే దొంగిలించాడు. పని చూపుతానన్న స్నేహితుడున్నా వినడు. అసాధారణులైన కొందరికి సామాన్య నియమాలు వర్తించవని వాని వాదం. ఆకలి కాదు, అహంకారం ఆ చేతిని నడిపించింది. ఆపద్ధర్మ ప్రకరణంలో ఇతనికి నిలువనీడ లేదు.

మన పౌరాణిక చిత్రాలకు అలవాటుపడిన కంటికి ఇందులోని అభినయం మొద్దుగా తోచవచ్చు. వృత్తినటులు కానివారినే బ్రెస్సన్ ఎంచుకొన్నాడు. ముఖాలకంటె చేతులే మాట్లాడతాయి. రైల్వే స్టేషన్‌లో ముగ్గురు దొంగలు పర్సులు చేతులు మార్చే ఘట్టంలో సంభాషణ దాదాపు శూన్యం. కస్సాగి అనే ఇంద్రజాలికుడు ఆ హస్తలాఘవం నేర్పి, తానూ నటించాడు. ఆ చేతులను చూస్తుంటే లిఖిత మహర్షి స్ఫురించడం సహజం. అన్న శంఖుని ఆశ్రమంలో అనుమతి లేక ఫలాలు తిన్నందుకు ఆయన సుద్యుమ్న మహారాజును చేరి దండన యాచించాడు. రాజు మన్నిస్తానన్నా వినక చేతులు ఖండింపజేసుకొని, బాహుదా నదిలో మునిగి వాటిని మరల పొందాడు. మిషెల్ నడక దీనికి విపరీతం. పోలీసు అధికారి గదికే వచ్చి అంతా తెలుసునని సూచిస్తే, దేశం విడిచి పారిపోతాడు.

చివరకు చెరసాలలో, ఇనుపకమ్మీల ఆవల నిలిచిన ఝాన్ అనే యువతి ప్రేమ అతణ్ణి తాకుతుంది. ఎందుకు? దర్శకుడు చెప్పడు, చెప్పకపోవడమే ఆ చిత్రం ఘనత. నేరం నిర్హేతుకం, కృపా నిర్హేతుకమే. శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఈ విషయమై రెండు న్యాయాలున్నాయి: తల్లిని తానే గట్టిగా పట్టుకొనే కోతిపిల్లది మర్కటన్యాయం, తల్లి నోట కరచుకొని పోయే పిల్లికూనది మార్జాలన్యాయం. మర్కటపక్షంవారు ఇక్కడ ఒక మాట అనవచ్చు: మిషెల్ పారిస్‌కు తిరిగివచ్చాక ఝాన్‌కూ ఆమె పసిబిడ్డకూ ఆసరాగా కొంతకాలం ఒళ్లు వంచి పనిచేశాడు గదా, అది ప్రయత్నం కాదా అని. నిజమే. అయితే ఆ కష్టార్జితం తరువాతనే అతడు మళ్లీ గుర్రప్పందాల మైదానానికి వెళ్లి, ఇంకొకరి జేబులో చేయి పెట్టి, సంకెళ్లలో చిక్కాడు.