ఎండాకాలంలో గీసిన ప్లాను

మదనపల్లె వైపు నిమ్మనపల్లె దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీకి 2012లో ప్లాను గీసింది నేనే. నలభై ఎకరాలు. వెనక గుట్ట, ముందు తారురోడ్డు, మధ్యలో గుండ్లు, కానుగ చెట్లు, తంగేడు పొదలు. గీయకముందు ఆ నేలను నేను చూసింది రెండుసార్లు, రెండూ మే నెలలోనే. అది తడిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు.

సర్వే మ్యాపులో గుట్ట మీదినుంచి చెరువుకు దిగే సన్నని నీలిగీత ఉంది, వంక. స్థలంలో చూస్తే ఎండిన ఇసుక, నాలుగు రాళ్లు. గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన ఒకరు, "వాన గట్టిగా పడితే ఇది నడుంలోతు పారుతుంది నాయనా" అన్నాడు. విన్నాను గానీ కాగితం మీద పెట్టలేదు. ఆడిటోరియం సరిగ్గా గేటుకు ఎదురుగా రావాలని నా పట్టుదల. యాజమాన్యం మీదికి నెట్టను. వాళ్లడిగింది గదులు. నేలంతా చదును చేద్దామన్నది నేను. నెలరోజులు జేసీబీలు తిరిగాయి. గుండ్లు పగలగొట్టి వంకలో పోసి పూడ్చాం. అరవైకి పైగా కానుగలు కొట్టించి, ఆ చోట పచ్చిక పరిపించాను. తొందరగా ఎదుగుతాయని అంచుల వెంట కోనోకార్పస్ పెట్టించాను.

మూడేళ్లు అందరూ మెచ్చుకున్నారు. తర్వాత బోర్లు ఎండాయి. హాస్టలు పిల్లల స్నానాలకు ట్యాంకర్లు వస్తుంటే, సాయంత్రం పచ్చిక మీద స్ప్రింక్లర్లు తిరుగుతుండేవి. అది కళ్లారా చూసి కూడా ఇంకో బోరుకు పాయింటు చూపించాను.

2021 నవంబరు వానలు మా ప్రాంతం మరిచిపోదు. మా బాహుదా నది నీళ్లు చేరే చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం ఆ నెల 19న తెగింది. ఆ రోజుల్లోనే కాలేజీ నుంచి ఫోను. వెళ్లేసరికి ఆడిటోరియంలో మోకాటిలోతు ఎర్రనీళ్లు. గుట్ట నీళ్లు పాత వంక ఉన్నచోటనే దిగాయి. చదునుచేసిన మట్టి కొట్టుకుపోయి కింది చెరువులో మేట వేసింది. ఆయకట్టు రైతు ఒకాయన నన్ను నిలబెట్టి, "మా చెరువులో మీ మన్ను ఎవరు తీస్తారు సార్?" అని అడిగాడు. తలవంచుకున్నాను.

ఆ తర్వాతే రిషీ వ్యాలీ బడికి పోయాను. పక్కనే ఉన్న చోటు, అన్నేళ్లూ చూడాలని తోచలేదు. ఒక విశ్వవిద్యాలయం కోసం స్థలం వెతుకుతూ తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1926లో తెట్టు దగ్గరి పెద్ద మర్రిచెట్టును చూసి ఆ లోయను ఎంచుకున్నారు. ఆయన మదనపల్లెలోనే పుట్టినవారు. తర్వాత బడివాళ్లు కరువుసీమలో బోడిగా ఉన్న ఆ గుట్టల మీద మేత ఆపి, చెట్లు పెంచి, గట్లు కట్టి నీళ్లు ఇంకించారు. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతం కూడా అయింది. అక్కడ చెట్ల నీడలో నడుస్తుంటే కొట్టించిన కానుగలు గుర్తొచ్చి నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి చేసిన లెక్క, పదేళ్ల ముందే చేయాల్సింది. మా వైపు ఏటా సుమారు 700 మిల్లీమీటర్ల వాన. ఎకరానికి 28 లక్షల లీటర్లు. నలభై ఎకరాల మీద 11 కోట్ల పైచిలుకు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 22 వేలకు పైన. అంతా ఇంకదు, నిజమే. పదో వంతు ఆపుకున్నా ట్యాంకరు పిలవాల్సిన పని తగ్గేది. ఇంకే చోటునే నేను పూడ్చాను.

యాజమాన్యం ముందు తప్పు ఒప్పుకుని, ఫీజు లేకుండా మళ్లీ గీశాను. ఆడిటోరియం అడ్డం గనుక వంక పాత దారిలో పూర్తిగా తెరవలేకపోయాం. పక్కనుంచి తిప్పి, మధ్యలో రెండు కుంటలు తవ్వి చెరువులో కలిపాం. పచ్చిక తీసేశాం, కోనోకార్పస్ పీకించాం. నాటిన కానుగలు ఇప్పుడు నా భుజం ఎత్తున్నాయి. పాత వాటంత నీడ ఇవ్వడానికి ఇంకా ఇరవై ఏళ్లు పడుతుంది.