చెవిలోని అల

సికింద్రాబాదు నగరమందలి మారేడ్‌పల్లిలో వేకువజామున కన్నులు మూసికొని పరుండినవాడు సైతము రైలుబండి కూతను, కోకిల కంఠమును, పాలవాని సైకిలు గంటను వేరువేరుగ గుర్తింపగలడు. గాలిలో ఇవి యన్నియు కలగలిసి ఒకే కదలికయై చెవిని చేరును. చిక్కుపడిన ఆ నూలును విడదీయునది చెవియే. అది యెట్లు విడదీయునో తెలిసికొనుటకు జీవితమంతయు వెచ్చించిన శాస్త్రజ్ఞుడు బేకేషీ.

ఇతడు 1899లో హంగరీ దేశపు రాజధానియగు బుడాపెస్టున జన్మించెను. 1923లో భౌతికశాస్త్రమున డాక్టరు పట్టమును పొంది, తపాలా శాఖవారి పరిశోధనాలయమున ఉద్యోగమున చేరెను. ఆ దేశమున టెలిఫోనులు ఆ శాఖ క్రిందనే యుండెను. మాట స్పష్టముగ వినబడుటకు తీగెను బాగుచేయవలెనా, యంత్రమును బాగుచేయవలెనా యనునది అచ్చటి ప్రశ్న. పరీక్షించి చూడగా ఆ తీగెలకంటెను యంత్రములకంటెను మానవుని చెవియే మేలైనదని తేలెను. అంతట అతని దృష్టి టెలిఫోనును విడిచి చెవిపై నిలిచెను. తపాలా ఉద్యోగికి చెవితో పనియేమని ఎవరైన నవ్వినను నవ్వియుందురు!

కర్ణభేరికి వెనుక మూడు చిన్న యెముకలును, వానికి ఆవల నత్తగుల్లవలె చుట్టలు చుట్టుకొనిన కర్ణావర్తమును గలవు. ద్రవముతో నిండిన ఆ చుట్టలో ఒక సన్నని పొర సాగియుండును. చాపినచో దాని పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. వీణపై తంత్రులవలె ఆ పొరలోని భాగములు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్కటి స్పందించునని 19వ శతాబ్దమున జర్మనీ దేశీయుడగు హెల్మ్‌హోల్ట్‌జ్ ఊహించెను. ఊహ అందమైనదే. కాని కంటితో చూచినవారు లేరు.

చూచుట సులభము కాదు. ఆ చుట్టను కప్పియున్న యెముక శరీరమందలి మిక్కిలి గట్టి యెముకలలో నొకటి. లోపలి పొరలో, గాలి సోకిన కొలదిసేపటికే ఎండిపోవును. బేకేషీ మృతుల చెవియెముకలను తెచ్చి, నీటిలో ముంచి, నీటి యడుగుననే సూక్ష్మమైన పనిముట్లతో తొలిచెను. తపాలా శాఖ కర్మశాలలోని తొలుపు యంత్రము తెల్లవారునప్పటికి ఎముకపొడితో నిండియుండుట చూచి పనివారు విసుగుకొనెడివారట. పారదర్శకమైన పొరపై వెండిరజను చల్లి, వెలుగుచు ఆరుచునుండు దీపకాంతిలో సూక్ష్మదర్శిని గుండ అతడు చూచెను. కనబడినది తంత్రుల మ్రోత కాదు, అల! త్రాటి కొసను విదిలించినపుడు ప్రాకునట్లు ఆ యల పొరవెంట సాగి, ఒకచోట ఉవ్వెత్తున లేచి, పిదప అణగిపోవుచుండెను. తారస్వరమునకు ఆ చోటు చుట్ట మొదట, మంద్రస్వరమునకు చుట్ట కొనయందు. 1928లో ఈ సంగతిని ప్రకటించెను. పిమ్మట కోడి మొదలు ఏనుగు వరకు పలు జంతువుల చెవులను పరిశీలించెను.

1946లో స్వీడనుకును, మరుసటి యేట అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకును పోయెను. వైద్యుడు కాకున్నను 1961లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము అతనికే లభించెను. 1972లో హవాయి దీవులలో మరణించెను.

అయినను అతడు చూచినది ప్రాణము లేని చెవిని. అల కంటికి కనబడుటకు మిక్కిలి బిగ్గరయైన ధ్వని కావలసివచ్చెను. ఆ యలయు వెడల్పైనది. ప్రక్కప్రక్కనున్న రెండు శ్రుతుల భేదమును చెవి పట్టుకొనుటకు అది చాలదు. మిగిలిన పని నాడులు చేయునని అతడు తలంచెను. 1971లో రోడ్ అను శాస్త్రజ్ఞుడు బ్రతికియున్న కోతుల చెవులను పరీక్షింపగా, మెల్లని ధ్వనులకు పొర అనుకొనినదానికంటె అధికముగ కదలుచుండెను. 1978లో లండనునందు కెంప్ మరియొక వింతను కనుగొనెను: చెవి వినుటయే కాదు, తానును సన్నని ధ్వనిని వెలువరించును! 1985లో బ్రౌనెల్ బృందమువారు ఆ పొరపైనుండు బాహ్య రోమకణములు సాగుచు కుంచించుకొనుచు నుండునని చూపిరి. అలకు బలమిచ్చునవి ఆ కణములే. ప్రాణము పోవగనే ఆ బలమును పోవును. బేకేషీ అల అబద్ధము కాదు, కాని అందు జీవము లోపించినది.

ఈ సన్నని ధ్వని నేడు పసిబిడ్డల పాలిటి వరమైనది. చెవిటివారికొరకు 1983లో బొంబాయిలో స్థాపింపబడి, హైదరాబాదున జన్మించిన అలీ యావర్ జంగ్ పేర వెలసిన జాతీయ సంస్థకు సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రము గలదు. వినబడుచున్నదా యని అడిగిన పసికందు చెప్పలేదు గదా! కావున వైద్యులు బిడ్డ చెవిలో చిన్న గొట్టము నుంచి మెల్లని టిక్కు శబ్దమును పంపుదురు. చెవి ఆరోగ్యముగ నున్నచో ప్రతిధ్వని తిరిగివచ్చును. యంత్రము దానిని గుర్తించును. రానిచో మరల పరీక్షింతురు. ఇదియంతయు కొలది నిమిషములలో, బిడ్డ తల్లి యొడిలో నిద్రించుచుండగనే ముగియును.